ఎవరూ పూర్తిగా వినని సంగీతం

జర్మనీలోని హాల్బర్‌స్టాట్ పట్టణంలో సెయింట్ బుర్కార్డి అనే పాత రాతి మందిరం ఉంది. సుమారు 1050లో కట్టింది. మార్టిన్ లూథర్ పుట్టిన ఐస్లేబెన్ పట్టణం కూడా ఆ రాష్ట్రంలోనిదే. 1810లో అక్కడి మఠం మూతపడ్డాక, దేవుని స్తుతి వినిపించిన ఆ గోడల మధ్యే ధాన్యం నిల్వచేశారు, సారా కాచారు, పందులను పెంచారు.

ఇప్పుడు అక్కడ ఒక ఆర్గన్ మోగుతోంది. 2001 సెప్టెంబరు 5న ఆరంభమైన ఆ సంగీతం 2640లో గాని ముగియదు! అమెరికా స్వరకర్త జాన్ కేజ్ 1987లో రాసిన కృతి అది. వీలైనంత నెమ్మదిగా వాయించాలన్నాడే గాని ఎంత నెమ్మదిగానో చెప్పలేదు. 1992లో ఆయన కన్నుమూశాక సంగీతజ్ఞులు, వేదాంత పండితులు కూర్చుని ఆలోచించారు. ఆర్గన్ ఎంతకాలం నిలిస్తే అంతకాలం వాయించవచ్చు గదా! ఆ ఊరి కెథడ్రల్‌లో పేరుపొందిన ఆర్గన్ 1361 నాటిది. అప్పటినుండి 2000 వరకు 639 ఏళ్లు. రాబోయే కాలాన్నీ అంతే కొలిచారు.

ఆ కృతి మౌనంతో మొదలవుతుంది. 17 నెలలపాటు తిత్తుల గాలి చప్పుడు తప్ప మరేమీ లేదు. 2003 ఫిబ్రవరి 5న తొలి స్వరాలు పలికాయి. వాయించే మనిషి ఉండడు. మీటలను చిన్న ఇసుక సంచుల బరువే నొక్కి ఉంచుతుంది. స్వరం మారే రోజున ఎక్కడెక్కడి నుండో జనం వస్తారు. 2020 సెప్టెంబరు 5న వచ్చిన మార్పు కోసం దాదాపు ఏడేళ్లు కనిపెట్టారు. మన ఆరాధనలో అర నిమిషం నిశ్శబ్దమైతే చాలు, సౌండ్‌బాక్సు పాడైందేమోనని అందరం మైకు అబ్బాయి వైపు చూస్తాం.

దీనిని మేము ఆరాధన అనం. కేజ్ జెన్ బౌద్ధం వైపు మొగ్గినవాడు, దేవుని మహిమ కోసమని ఇది రాయలేదు. "అయ్యగారూ, ఆ సొమ్ముతో బీదలకు అన్నం పెట్టొచ్చు గదా" అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. బేతనియలో అత్తరు పోసినప్పుడూ అదే అడిగారు గాని, అది ప్రభువు కోసం పోసింది. ఇది అలాంటిది కాదు.

అయినా ఒక సంగతి మమ్మల్ని పట్టుకుంది. అక్కడ చందా ఇచ్చేవారు ఒక సంవత్సరాన్ని ఎంచుకుంటే, ఆ అంకెతో ఒక లోహపు పలకను గోడకు బిగిస్తారు. అందులో చాలా అంకెలు, ఇచ్చినవారు బ్రతికి ఉండని సంవత్సరాలవి. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలోని పితరులు గుర్తొచ్చారు. మన సంఘాల్లో గుడి కట్టాలన్నా, బడి కట్టాలన్నా కమిటీలో ముందు వచ్చే మాట, "మన హయాంలో పూర్తవుతుందా?" అని. ఆ తర్వాతి మాట, శిలాఫలకం మీద పేర్ల వరుస గురించి. మనుమలు పులుసు తాగుతారని చింతమొక్క నాటిన తాతలు ఇదే నేలమీద పుట్టారు మరి.

2024 ఫిబ్రవరి 5న ఆ ఆర్గన్‌కు మరో గొట్టం చేరింది. దాని తర్వాతి మార్పుకు రాసిపెట్టిన తేదీ 2026 ఆగస్టు 5. ఆ రెండున్నరేళ్లలో ఎవరు ఎప్పుడు తలుపు తీసుకుని లోపలికి వెళ్లినా వినిపించేది అదే నాదం.