వినే పుస్తకం.. కొనే ముందు తెలుసుకోండి

కామారెడ్డి, ఎల్లారెడ్డి: రైలు మార్గం లేని ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వచ్చే విద్యార్థులకు, ఉద్యోగులకు బస్సే ప్రధాన ఆధారం. కుదుపుల ప్రయాణంలో అక్షరాలపై చూపు నిలపడం కష్టం. చదవలేని వేళ పుస్తకాన్ని వినే సదుపాయం కొన్ని ఈ-ఇంక్ పఠన పరికరాల్లోనూ ఉంది. అయితే దాని పరిమితులు తెలియక వేల రూపాయలు వెచ్చిస్తే తెలుగు పాఠకులకు నిరాశ తప్పదు.

తెరకు పొదుపు.. ధ్వనికి ఖర్చు

ఈ-ఇంక్ తెరలో విద్యుదావేశం గల నలుపు, తెలుపు రేణువులు ఉంటాయి. పేజీ మారినప్పుడే అవి కదులుతాయి. అందుకే ఒకసారి ఛార్జి చేస్తే వారాల తరబడి చదువుకోవచ్చు. ఆడియో అలా కాదు. వింటున్నంతసేపూ ప్రాసెసర్, బ్లూటూత్ పనిచేస్తూనే ఉంటాయి కనుక ఛార్జి త్వరగా తరిగిపోతుంది. సెకనుకు 64 కిలోబిట్ల నాణ్యతతో పది గంటల పుస్తకానికి దాదాపు 290 ఎంబీ స్థలం కావాలి.

ఏది ఏం వినిపిస్తుంది?

2007లో వచ్చిన తొలి కిండిల్‌కు స్పీకరు ఉండేది. తర్వాత పలు నమూనాల్లో దానిని తొలగించారు. 2017లో విడుదలైన ఒయాసిస్‌లో బ్లూటూత్ ద్వారా ఆడిబుల్ పుస్తకాలు వినే వీలు కల్పించారు. మన వద్ద ఉన్న ఎంపీ3 ఫైళ్లు అందులో పనిచేయవు. ఆండ్రాయిడ్‌తో నడిచే ఈ-ఇంక్ పరికరాల్లోనైతే శ్రవణ పుస్తకాల యాప్‌లను వేసుకోవచ్చు.

తెలుగు మాటేమిటి?

2016 చివర్లో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలను ప్రవేశపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళాలకు చోటు దక్కింది. తెలుగుకు దక్కలేదు. అక్షరాలను యంత్రమే చదివి వినిపించాలంటే పరికరంలో తెలుగు స్వరం ఉండాలి. స్కాన్ చేసిన పాత పుస్తకాల పీడీఎఫ్‌లు కేవలం చిత్రాలు. వాటిని అక్షరాలుగా మార్చనిదే యంత్రం చదవలేదు.

చూపు లేనివారికి అండ

ముద్రిత పుస్తకం చదవలేని వికలాంగుల కోసం పుస్తకాలను అనువైన రూపంలోకి మార్చేందుకు 2012 కాపీరైట్ చట్ట సవరణ వీలు కల్పించింది. ఇదే ఆశయంతో కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. 2016 ఆగస్టులో కేంద్రం సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయాన్ని ప్రారంభించింది. అర్హులు పేరు నమోదు చేసుకుని పుస్తకాలు పొందవచ్చు. వీటిని వినేందుకు ఖరీదైన పరికరం అక్కరలేదు, మామూలు స్మార్ట్‌ఫోన్ చాలు.

వినడమే ప్రధానమైతే చేతిలోని ఫోనే మేలు. కంటికి శ్రమ లేకుండా గంటల కొద్దీ చదవాలనుకునే వారికి ఈ-ఇంక్ తగినది. రెండూ కావాలంటే, తమకు కావలసిన తెలుగు పుస్తకం అందులో వినిపిస్తుందో లేదో ముందే నిర్ధారించుకోవాలి.