బావి చల్లదనం ఎవరికి?

రామగుండంలో మే ఎండ 45 డిగ్రీలు అందుకున్నా బావి అడుగున నీళ్లు సుమారు 28 డిగ్రీల్లోనే ఉంటాయి. చలికాలం తెల్లారగట్ల తోడితే అవే గోరువెచ్చగా తగుల్తాయి. మాయేం కాదు, పది మీటర్ల లోతున భూమి వేడి ఏడాది పొడుగునా పెద్దగా మారదు. ఆ నీళ్లను గొట్టాల్లో ఇంట్లో తిప్పి మళ్లీ బావిలోకే వదిలితే ఇల్లు చల్లబడుతుంది, నీళ్లు తరగవు. మోటారుకు కాస్త కరెంటు చాలు. చలిదేశాల్లో హీట్ పంపు జతచేసి ఇలాగే ఇళ్లు వెచ్చబెట్టుకుంటున్నారు.

పొద్దంతా కూలి చేసి రాత్రంతా రేకుల కొంపలో ఉడికేవాళ్లకు కావలసింది ఇదే. కానీ బావిలో నీళ్లేవీ? ఆసాములు వందల అడుగుల బోర్లు దించాక ఎన్నో ఊరబావులు వట్టిపోయాయి. ఊరి తాగునీటికి 250 మీటర్లలోపు అనుమతి లేకుండా బోరు వేయరాదని 2002 వాల్టా చట్టం చెబుతోంది. అధికారుల్ని మేమడిగేదొకటే: ముందు కొలత టేపు పట్టుకుని రండి.