చివర్లో ఒక ‘ఐ’ ఎక్కువ

మన ఈ-పత్రిక సైట్ ఆ మధ్య మూడు రోజులు నత్తలా నడిచింది, గుర్తుందా? గ్రూపులో "అన్నా, పేజీ ఓపెన్ అయితలేదు" అని మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. "సర్వర్ ప్రాబ్లం, చూస్తున్న" అని తప్పించుకున్న. అసలు సంగతి ఇప్పుడు రాస్తున్న, ఎందుకంటే తప్పు నాదే. (నాది ఇంగ్లీష్ మీడియం చదువు. ఒత్తులు తప్పితే ఎడిటర్ అక్క దిద్దుతుంది. కమాండ్ల పేర్లు కూడా తెలుగులోనే రాయాలంది, మీరు మాత్రం టెర్మినల్‌లో ఇంగ్లీషులోనే కొట్టండి.)

హాస్టల్ రూంలో లాగిన్ అయ్యి మొదట కొట్టింది ‘అప్‌టైమ్’. చివర్లో మూడు అంకెలు చూపిస్తుంది: గత 1, 5, 15 నిమిషాల సగటు లోడ్. మనది ఒకే కోర్ ఉన్న చిన్న అద్దె సర్వర్. దానికి లోడ్ 1 అంటే చేతినిండా పని. అక్కడ 9 ఉంది. మీసేవ కౌంటర్‌లో ఒకరి పని జరుగుతుంటే వెనక ఇంకో ఎనిమిది మంది నిలబడ్డట్టు.

పండగ సంచికకు జనం ఎక్కువ వచ్చారేమో అని కాసేపు సంతోషపడ్డ. అబద్ధం ఎందుకు!

తర్వాత ‘టాప్’ కొట్టిన. సీపీయూ 98 శాతం తింటున్న ప్రాసెస్ పేరు ‘కెడెవ్‌టీఎంపీఎఫ్ఎస్ఐ’. లైనక్స్ సొంత పనేమో అనిపించేలా ఉంది. నిజంగానే లైనక్స్ కెర్నల్‌లో ఇలాంటి పేరుతో ఒకటి ఉంటుంది, కానీ దాని చివర ‘ఐ’ ఉండదు. ఇంకో తేడా, ‘పీఎస్’ కమాండ్‌లో కెర్నల్ సొంత థ్రెడ్ల పేర్లు చదరపు బ్రాకెట్లలో కనబడతాయి. దీనికి బ్రాకెట్లు లేవు. ‘ప్రాక్’ ఫోల్డర్‌లో దాని నంబర్ కింద ‘ఎగ్జి’ లింక్ చూస్తే అది నడుస్తున్నది ‘టెంప్’ ఫోల్డర్ నుంచి. కెర్నల్‌కి టెంప్‌లో ఏం పని? ఎవరో మన సర్వర్ మీద క్రిప్టో కరెన్సీ మైనింగ్ చేసుకుంటున్నారు. కిన్‌సింగ్ అనే మాల్వేర్ తెచ్చిపెట్టే మైనర్ పేరే ఇది.

‘కిల్’ కొట్టిన. పోయింది. నిమిషంలో మళ్లీ వచ్చింది. మళ్లీ కొట్టిన, మళ్లీ వచ్చింది. అప్పుడు ‘క్రాన్‌టాబ్’ చూస్తే నేను రాయని లైన్ ఒకటి: ప్రతి నిమిషం బయటి నుంచి ఒక స్క్రిప్ట్ దించుకుని నడపాలని. కలుపు పైన కోస్తే ఏం లాభం, వేరు ఇక్కడుంది.

ఎలా వచ్చాడు మరి? ఇక్కడ అరగంట దారి తప్పిన. ‘జర్నల్‌సీటీఎల్’తో ఎస్ఎస్‌హెచ్ లాగులు తీస్తే వేలకొద్దీ ఫెయిలైన లాగిన్లు, ఎక్కడెక్కడి ఐపీలో. గుండె ఆగినంత పనైంది. కానీ ఇంటర్నెట్‌లో ఉన్న ఏ సర్వర్‌కైనా ఇది రోజూ ఉండేదే, బాట్లు తలుపులు కొట్టుకుంటూ పోతుంటాయి. చూడాల్సింది సక్సెస్ అయిన లాగిన్లు. ‘లాస్ట్’ కొడితే అన్నీ మనవాళ్లవే.

చివరికి దొరికింది ‘ఎస్ఎస్’లో. ఏ పోర్టులో ఏ ప్రోగ్రాం వింటోందో చూపే కమాండ్ ఇది. 6379 పోర్టులో రెడిస్, అన్ని అడ్రస్‌ల నుంచీ వినడానికి సిద్ధంగా ఉంది, పాస్‌వర్డ్ లేకుండా. అప్పుడు గుర్తొచ్చింది. నా ల్యాప్‌టాప్ నుంచి కనెక్ట్ అవ్వట్లేదని ఒక యూట్యూబ్ వీడియో చూసి ‘ప్రొటెక్టెడ్ మోడ్’ ఆఫ్ చేసింది నేనే. ఆ మోడ్ మన సరళాసాగర్ సైఫన్ లాంటిది. నీళ్లు నిండితే మనిషి ముట్టుకోకుండానే సైఫన్ ఎట్ల పని చేస్తుందో, పాస్‌వర్డ్ లేకపోతే ఇదీ బయటివాళ్లను దానంతటదే ఆపుతుంది. నేను దాన్ని మూసేసిన. పైగా రెడిస్‌ని రూట్ యూజర్‌గా నడిపిన. రెడిస్ పాత వెర్షన్లలో డేటాని ఏ ఫోల్డర్‌లో, ఏ పేరుతో సేవ్ చేయాలో బయటి నుంచే మార్చొచ్చు. వచ్చినవాడు క్రాన్ ఫోల్డర్‌లో సేవ్ చేయించాడు, అంతే.

ఆ లైన్ తీసేసి ఊరుకుంటే చాలదా అని ఫ్రెండ్ అడిగాడు. చాలదు. రూట్ దొరికినవాడు ‘పీఎస్’నీ ‘ఎస్ఎస్’నీ కూడా మార్చి పెట్టొచ్చు, అప్పుడు అవి చెప్పేది నమ్మలేం. సర్వర్ మొత్తం తుడిచి కొత్తగా పెట్టాలి. భయం అక్కడే మొదలైంది. ఐదేళ్ల సంచికలు దాంట్లోనే ఉన్నాయి, బ్యాకప్ లేదు. ఒక జూనియర్ వాళ్ల అవ్వ చెప్పిన కథల ఆడియో కూడా ఉంది. అవ్వ ఇప్పుడు లేదు. ఆ అమ్మాయి ఫోన్ పాడైంది, మిగిలిన కాపీ ఇదొక్కటే.

2019 మే మొదట్లో రెండు తెలుగు రాష్ట్రాల కరెంటు పంపిణీ సంస్థల సిస్టమ్‌ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. మన వనపర్తికి కరెంటిచ్చే సదరన్ డిస్కం కూడా అందులో ఉంది. డేటాకి తాళం వేసి డబ్బులడగడం వాళ్ల పద్ధతి. మాకు వచ్చినవాడు సీపీయూ మాత్రమే వాడుకున్నాడు, అది మా అదృష్టం.

డేటాబేస్ డంప్ తీసి, ఫైళ్లు ‘టార్’ చేసి, ‘ఎస్‌సీపీ’తో ల్యాప్‌టాప్‌కి దించిన. రెండు వైపులా ‘ఎస్‌హెచ్‌ఏ256సమ్’ కొట్టి అంకెలు కలిశాకే సర్వర్ తుడిచిన. ప్రోగ్రాంలేవీ తీసుకోలేదు, కథలూ బొమ్మలూ ఆడియో మాత్రమే.

ఇంత చిన్న సర్వర్‌కి ఇంత చూడాలా అంటే, 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను లేటవుతోందని కారణం వెతుకుతూ పోయాడు. ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీలో దాచిన బ్యాక్‌డోర్ దొరికింది. అర సెకను! నేను మూడు రోజులు "చూస్తున్న" అన్నాను.

కొత్త సర్వర్‌లో రెడిస్ 127.0.0.1లోనే వింటుంది, దాని సొంత యూజర్‌తో నడుస్తుంది. ఎస్ఎస్‌హెచ్‌కి పాస్‌వర్డ్ తీసేసి కీ పెట్టిన. లోపల నుంచి చూస్తే సరిపోదని హాస్టల్ వైఫై నుంచి ‘ఎన్‌మ్యాప్’తో మన సర్వర్‌ని స్కాన్ చేసిన. 22, 80, 443 తప్ప ఏమీ తెరిచి లేవు. (ఈ స్కాన్ మీ సొంత సర్వర్ మీదే చేయండి. కాలేజీ సర్వర్ మీద సరదాకి చేయకండి. అనుమతి లేకుండా ఇతరుల సిస్టమ్‌లోకి వెళ్తే 2000 నాటి ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు.)

ఆ జూనియర్‌కి ఆడియో రెండు పెన్‌డ్రైవ్‌లలో వేసి ఇచ్చిన. "రెండెందుకన్నా?" అంది. ఒకటి ఊర్లో పెట్టమన్న.