సంఘపు పాత కంప్యూటరు లెక్కలను చదువుట యెట్లు?

ప్రాథమిక సహకార సంఘముల లెక్కలన్నియు నొకే పద్ధతిని కంప్యూటరులో నుంచుటకు కేంద్ర ప్రభుత్వము 2022 జూను 29వ తేదీన 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించినది. ఇది 63,000 సంఘములకై యేర్పడినది. ఇది మేలైన పనియే. అయితే క్రొత్త లెక్కలోనికి సభ్యుని నిలువ మాత్రమే యెక్కించినచో, ఆ నిలువ యెట్లు తేలినదో తెలుపు పద్దులు పాత యంత్రముననే మిగిలిపోవును. పూర్వము డాస్ పద్ధతిని, ఫాక్స్‌ప్రో వంటి సాధనములతో లెక్కలు వ్రాసికొన్న సంఘములు ఈ విషయమును శ్రద్ధగా నాలోచింపవలెను.

పాత పద్దులతో నేమి పని యని కొంద ఱడుగవచ్చును. 2008లో కేంద్ర ప్రభుత్వము ఋణమాఫీ చేసినపుడు 2007 మార్చి 31 లోపల నిచ్చిన అప్పులను లెక్కకు దీసికొన్నది. 2014లో మన రాష్ట్ర పథకమునకు 2013 డిసెంబరు 31 నాటి బాకీ యాధారమైనది. అట్టి సమయములందు పద్దు దొరకనిచో నష్టపడువాడు రైతే. తీర్చిన బాకీకిని, కట్టిన వాటాధనమునకును రసీదు పోయినవానికి సంఘపు పద్దే సాక్ష్యము.

పాత కార్యక్రమము క్రొత్త యంత్రమున నేల నడువదు? డాస్ కార్యక్రమములు 16 బిట్ల పద్ధతిని వ్రాయబడినవి. నేటి 64 బిట్ల విండోసు వానిని నడుపదు. దీనికి ఉపాయము ఎమ్యులేషను, అనగా యంత్రానుకరణము. క్రొత్త కంప్యూటరులో నొక కార్యక్రమము పాత యంత్రము వలె వర్తించును. పాత లెక్కల కార్యక్రమము తాను పూర్వపు యంత్రముననే యున్నట్లు పనిచేయును.

మన డెల్టాలోనే దీనికి పోలిక గలదు. 1855లో పూర్తియైన కృష్ణ ఆనకట్ట 1952లో గండిపడగా, 1957 నాటికి ప్రకాశం బరాజు సిద్ధమయ్యెను. అందుకై బందరు కాలువక్రింది రైతు తన బోదెను మరల త్రవ్వుకొనలేదు. తలవద్ద నీరు తగిన మట్టమున నిలిచినచో చాలును. నిలిపినది పాత రాతికట్టయో క్రొత్త తలుపులో బోదె కెఱుకలేదు.

ఇట్టి సాధనములలో డాస్‌బాక్సు ప్రసిద్ధమైనది. 2002లో వెలువడిన దీనికి వెల లేదు. పని చేయవలసిన క్రమ మిది:

1. మొదట పాత యంత్రములోని కార్యక్రమమును, పద్దులను పూర్తిగా నకలు తీయవలెను. రెండు నకళ్లుంచి, ఒకటి కార్యాలయమునకు వెలుపల భద్రపఱుపవలెను. నకలు సరిగా తెఱచుకొనునని తేలువఱకు పాత యంత్రమును పాతసామానుల వర్తకునికి అమ్మరాదు.

2. వేఱొక నకలునే డాస్‌బాక్సులో నడుపవలెను. మూలమును ముట్టరాదు.

3. పదిమంది సభ్యుల పద్దులను కాగితపు ఆవర్జాతోను, రసీదులతోను సరిచూడవలెను. వాటాధనము, బాకీ, కడపటి చెల్లు మూడును కలియవలెను.

4. సరియైనపిమ్మట అన్ని పద్దులను కాగితముపై నచ్చొత్తించి, కార్యదర్శి సంతకముతో నుంచవలెను. ఫాక్స్‌ప్రో పద్దుల పట్టికలను లిబ్రెఆఫీసులోను తెఱవవచ్చును. కాని వడ్డీ కట్టిన విధము తెలియుటకు పాత కార్యక్రమము కావలెను.

కొన్ని చిక్కులు గలవు. డాస్ కాలమున తెలుగక్షరములకు జిస్టు అను ప్రత్యేకపు కార్డు వాడుచుండిరి. డాస్‌బాక్సులో నా కార్డు లేదు గనుక పేరులు అర్థముకాని గుర్తులుగా కనబడవచ్చును. అప్పుడు సభ్యత్వ సంఖ్యనుబట్టి పోల్చుకొనవలెను. సంవత్సరమును రెండంకెలతోనే వ్రాసిన కార్యక్రమము 2000 తరువాతి వడ్డీని తప్పుగా కట్టవచ్చును. డాస్‌బాక్సు ముఖ్యముగా ఆటలకై చేయబడినది. కావున దానిలో క్రొత్త జమాఖర్చులు వ్రాయరాదు. పాతవి చదువుటకు మాత్రమే వాడవలెను.

ఈ పనికి పెద్ద వ్యయము లేదు. ఒక సామాన్యపు కంప్యూటరును, ఓపికయు చాలును. పాత డిస్కు చెడిపోయినచో మాత్ర మేవిధమైన అనుకరణమును పనికిరాదు. కావున పాలకవర్గమువారు జాగుచేయక నకలు తీయింపవలెను. సభ్యులు రాబోవు సర్వసభ్య సమావేశమున తమ పాత పద్దు ఎచ్చట నున్నదో, దానిని తెఱచి చూచిన వారెవరో యడుగవలెనని మేము కోరుచున్నాము.