ఇళ్ల ధరలు పడిపోతే ఎవరికి మేలు? ఐర్లాండు అనుభవం

సొంత ఇల్లు ఉండాలన్నది ప్రతి కుటుంబానికీ ఉండే కోరిక. ధరలు చేతికందనంతగా పెరిగినప్పుడు, అవి ఒక్కసారి పడిపోతే బాగుండునని అనుకోనివారు అరుదు. అందువల్ల దేశానికి కొన్నేళ్లు గడ్డుకాలం వచ్చినా సహించవచ్చునని వాదించేవారు ఉన్నారు. పని పోయిన తరువాత ఇల్లు చౌకగా దొరికి ఏమి లాభమని ప్రశ్నించేవారూ ఉన్నారు. ఐరోపా పడమటి అంచున ఉన్న ఐర్లాండు దేశం ఈ రెండు వాదాలనూ ప్రత్యక్షంగా అనుభవించింది. ఆ అనుభవాన్ని పరిశీలిస్తే ఏ వాదంలో ఎంత సత్యమున్నదో తెలుస్తుంది.

పెరుగుదల ఎలా వచ్చింది?

ఐర్లాండు ఒకప్పుడు వలసలకు పేరుపడిన పేద దేశం. 1990ల నుండి విదేశీ కంపెనీల రాకతో ఉద్యోగాలు, ఆదాయాలు పెరిగాయి. 1999లో యూరో కూటమిలో చేరడంతో వడ్డీ రేట్లను నిర్ణయించే అధికారం ఐరోపా కేంద్ర బ్యాంకుకు చేరింది. వడ్డీలు బాగా తగ్గాయి. బ్యాంకులు పోటీపడి అప్పులిచ్చాయి. చివరి దశలో ఇంటి విలువ మొత్తాన్నీ, అనగా నూటికి నూరు శాతం, రుణంగా ఇచ్చిన బ్యాంకులు కూడా ఉన్నాయి. 1996కూ 2007కూ మధ్య ఇళ్ల ధరలు మూడు నాలుగు రెట్లు పెరిగాయి. నలభై రెండు లక్షల జనాభా గల ఆ దేశంలో 2006 ఒక్క ఏడాదిలోనే సుమారు 90 వేల ఇళ్లు కట్టారు. ఇది నిలిచేది కాదని మోర్గన్ కెల్లీ వంటి ఆర్థికవేత్తలు ముందే హెచ్చరించినా ఆ మాట చాలామందికి రుచించలేదు.

పతనం

2007లో ధరలు తగ్గుముఖం పట్టాయి. 2008 సెప్టెంబరు చివరలో బ్యాంకులు కూలిపోయే స్థితి రాగా, వాటి బాకీలకు ప్రభుత్వం హామీ ఇచ్చింది. దరిమిలా బ్యాంకులను నిలబెట్టడానికి ప్రజాధనం నుండి 64 వందల కోట్ల యూరోలు, అంటే 6,400 కోట్ల యూరోలు ఖర్చయ్యాయి. 2010 నవంబరులో ఐర్లాండు ఐరోపా సమాజాన్నీ, అంతర్జాతీయ ద్రవ్యనిధినీ ఆశ్రయించవలసి వచ్చింది. ఉపాధ్యాయులు, నర్సులు సహా ప్రభుత్వోద్యోగుల జీతాలు తగ్గాయి. కొత్త పన్నులు వచ్చాయి. 2007లో 5 శాతం లోపు ఉన్న నిరుద్యోగం 2012 నాటికి సుమారు 15 శాతానికి చేరింది. యువకులు మళ్లీ ఆస్ట్రేలియాకు, కెనడాకు, బ్రిటన్‌కు వలసపోయారు. 2010లో జరిపిన పరిశీలనలో సగంలో ఆగిన కాలనీలు 2,800కు పైగా ఉన్నట్లు తేలింది. 2013 ఆరంభానికి ఇళ్ల ధరలు శిఖరం నుండి సగానికి పైగా పడిపోయాయి.

పతనాన్ని స్వాగతించేవారి వాదం

వీరి వాదంలో బలం లేకపోలేదు. ఇంటి ధర పెరగడం వల్ల దేశానికి కొత్తగా సంపద చేరదు. అదే గోడలు, అదే పైకప్పు. అమ్మేవాని లాభమే కొనేవాని భారం. ధరలు అధికంగా ఉన్నంతకాలం, ఇల్లు లేని యువతరం తన సంపాదనను ఇల్లు ఉన్న పాతతరానికి ధారపోస్తూనే ఉంటుంది. ఇదీ కష్టమే. కాని నిశ్శబ్దంగా సాగే కష్టం కనుక పత్రికలకెక్కదు. అంతేగాక, గడ్డుకాలానికి కారణం పతనం కాదు, అంతకుముందు అప్పులతో సాగిన పెరుగుదల అని వీరంటారు. జ్వరం దిగేటప్పుడు చెమటలు పోశాయని జ్వరమే మేలనుకోరాదన్నది వీరి మాటల సారాంశం.

వ్యతిరేకించేవారి వాదం

రెండవ పక్షం వారు, నష్టం ఎవరి నెత్తిన పడిందో చూడమంటారు. ఒక ఉదాహరణ చూడండి. ఒక కుటుంబం 30 లక్షల రూపాయల ఇంటిని 27 లక్షల అప్పుతో కొన్నదనుకుందాం. రెండేళ్ల తరువాత ఇంకా 26 లక్షల బాకీ ఉండగా, ఇంటి ధర 18 లక్షలకు పడిపోయింది. ఇల్లు అమ్మినా 8 లక్షల అప్పు మిగిలే ఉంటుంది. ఇదే సమయంలో పని కూడా పోతే ఆ కుటుంబానికి దారి లేదు. ఐర్లాండులో నష్టపోయినవారు ధరలు పెంచి సొమ్ము చేసుకొన్నవారు కారు. చివరి మూడు నాలుగేళ్లలో కొన్న కొత్త దంపతులే అధికంగా దెబ్బతిన్నారు. 2013 చివరి నాటికి గృహరుణాలలో సుమారు ఎనిమిదింట ఒకటి మూడు నెలలకు మించి బకాయి పడింది.

చౌకైన ఇళ్లు పేదలకు దక్కాయా అంటే అదీ పూర్తిగా జరుగలేదు. ధర తగ్గిన నాడు బ్యాంకులు అప్పులివ్వడం మానుకొన్నాయి. చేతిలో రొక్కం ఉన్నవారు, పెట్టుబడి సంస్థలు కొనుక్కొన్నారు. జనాభా లెక్కల ప్రకారం సొంత ఇంట నివసించే కుటుంబాలు 2006లో సుమారు 75 శాతం ఉండగా 2011లో 70 శాతానికి, 2022లో 66 శాతానికి తగ్గాయి. ధరలు సగమైన దేశంలో సొంత ఇల్లు గలవారి వంతు పెరగకపోగా తగ్గింది.

మరొక నష్టం ఆలస్యంగా బయటపడింది. మేస్త్రీలు, వడ్రంగులు దేశం విడిచిపోయారు. నిర్మాణ సంస్థలు మూతపడ్డాయి. 2013లో పూర్తయిన కొత్త ఇళ్లు ఐదు వేలకు లోపే. ఉద్యోగాలు, జనాభా తిరిగి పెరిగేసరికి ఇళ్ల కొరత ఏర్పడి, 2022లో ధరలు 2007 నాటి శిఖరాన్ని దాటిపోయాయి. నేడు డబ్లిన్ నగరానికి చదువుల కోసం వెళ్లిన తెలుగు విద్యార్థులు అద్దె గది కోసం పడే అవస్థకు గల కారణాలలో ఇదొకటి.

మూడవ మార్గం

ధర తగ్గడం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకన్నా, ఎందువల్ల తగ్గిందన్న ప్రశ్న ముఖ్యం. ఎక్కువ ఇళ్లు కట్టడం వల్ల ధర నెమ్మదిస్తే అది మేలు. జనం చేతిలో డబ్బు లేక, కొనేవారు లేక ధర కూలితే అది కీడు. జర్మనీలో 1990ల మధ్య నుండి 2010 వరకు ఇళ్ల ధరలు పెద్దగా కదలలేదు. ఇతర ధరలు, జీతాలు క్రమంగా పెరగడంతో ఇల్లు కొంచెం కొంచెంగా చవకైంది. ఆ కాలంలో అక్కడ నిరుద్యోగం లేకపోలేదు. కాని అది ఇళ్ల ధరలు కూలడం వల్ల వచ్చినది కాదు. ఐర్లాండు కూడా పాఠం నేర్చి, 2015లో ఆదాయానికి మూడున్నర రెట్లకు మించి గృహరుణం ఇవ్వరాదన్న పరిమితి విధించింది. 2023 నుండి తొలిసారి ఇల్లు కొనేవారికి దానిని నాలుగు రెట్లకు సడలించింది.

సరిహద్దు కుటుంబాలకు వర్తించేది

భారతదేశంలో రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం 30 లక్షల వరకు గల గృహరుణం ఆస్తి విలువలో 90 శాతానికి, 30 నుండి 75 లక్షల వరకు 80 శాతానికి, ఆపైన 75 శాతానికి మించరాదు. ఈ కట్టుబాటు కొంత రక్షణ. అయితే హోసూరు వంటి పట్టణాల చుట్టుపక్కల ఇంటి స్థలం కొనేవారు ప్రైవేటు వ్యక్తుల వద్ద నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుకు ఈ నియమం వర్తించదు. అది ఏడాదికి 24 శాతం. స్థలం ధర అంతకన్నా వేగంగా పెరిగితే తప్ప ఆ బేరంలో నష్టమే.

కాబట్టి కొనబోయే కుటుంబం మూడు లెక్కలు వేసుకోవడం అవసరం. ఇంట్లో ఒకరి సంపాదన ఆరు నెలలు ఆగినా వాయిదా కట్టగలమా? ధర మూడవ వంతు తగ్గినా అమ్మకుండా అక్కడే నివసించగలమా? బెంగళూరులో కట్టడపు పనికి పోయే కుమారుడు పంపే డబ్బుతోనే ఆ అప్పు తీరవలసి ఉన్నదా? చివరి ప్రశ్నకు అవునని జవాబు వస్తే మరింత జాగ్రత్త పడాలి. ఇళ్ల ధరలు కూలిన నాడు ముందుగా ఆగేది కట్టడపు పనే. ఐర్లాండులో ఎందరో మేస్త్రీల ఇళ్లలో కూలీ, ఇంటి విలువ ఒకేసారి పడిపోయాయి.