తరతరముల కాఫీ

పొలమును, నగలును బిడ్డలకు సంక్రమింపజేయుటకు దస్తావేజులు కావలెను. అలవాట్లకు అవి యక్కఱలేదు. తల్లి ప్రొద్దుట లేచి యేమి చేయుచున్నదో బిడ్డ చూచుచుండును. కొన్నాళ్లకు తానును అదియే చేయును. మన తెలుగు కుటుంబములలో ఇట్లు తరమునుండి తరమునకు దిగివచ్చిన యలవాట్లలో కాఫీ యొకటి. దానిని గూర్చి సోదరీమణులతో నాలుగు మాటలు ముచ్చటింపవలెనని మా కోరిక.

కాఫీ మొదట మన దేశపు పంట కాదు. పదునేడవ శతాబ్దమున బాబా బుడన్ అను సూఫీ సాధువు మక్కాయాత్ర నుండి మరలి వచ్చుచు, యెమెన్ దేశపు మోఖా రేవునుండి యేడు గింజలు తెచ్చి, మైసూరు సీమలోని చిక్కమగళూరు కొండలపై నాటెనని ప్రతీతి. మన యాంధ్రదేశమున 1898వ సంవత్సరమున తూర్పుగోదావరి మన్యమునందలి పాములేరు లోయలో ఆంగ్లేయులు దీనిని సాగుచేయించిరి. క్రమముగా అరకు కొండలకును అది వ్యాపించినది. అచ్చటి గిరిజన కుటుంబములు సిల్వరోకు చెట్ల నీడలో, మిరియపు తీగెల నడుమ పెంచుచున్న అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది.

మా కొల్లూరు కృష్ణ యొడ్డునున్న యూరు. ఇచ్చటి లంకలలో అరటి, పసుపు, కంద పండును గాని కాఫీ మొక్క యొక్కటియు మొలవదు. అయినను తెనాలి మొదలు రేపల్లె వఱకు కాఫీ పొయ్యి యెక్కని యిల్లు అరుదు. పాడిగేదెల చిక్కని పాలు ఇంటనే యుండుటచేత ఆ రుచి మనవారికి త్వరలోనే పట్టుబడినది. మా తాతగారి కాలమున పచ్చిగింజలు తెనాలి యంగడి నుండి వచ్చెడివి. మా నాయనమ్మ వానిని మంగలములో సన్నని సెగపై దోరగా వేయించెడిది. కాఫీమర త్రిప్పుట మా తండ్రిగారికి చిన్ననాటి యుద్యోగము. ఆ పొడి ఇత్తడి ఫిల్టరులో పడి, సలసల కాగిన నీరు దానిపై పోసి మూతపెట్టిన పిమ్మట, ఇంటిల్లిపాదియు దాని చుట్టును తిరుగుచుండెడివారు. పిల్లలకు పాలలో రెండు చుక్కల డికాక్షను కలిపి, అదే కాఫీ యని మురిపించెడివారు. ఆ రెండు చుక్కలే పెరిగి పెరిగి మా తరమున నిండు గ్లాసైనది.

నేడు మర త్రిప్పువారు తక్కువ. తెనాలికి సమీపముననున్న దుగ్గిరాల, వెనుక పసుపు విపణికి మాత్రమే పేరుపొందినది. అచ్చట 1995లో పని మొదలుపెట్టిన కాఫీ కర్మాగారము నుండి తక్షణ కాఫీపొడి ఇప్పుడు పలు దేశములకు పోవుచున్నది. దానిని స్థాపించిన చల్లా రాజేంద్రప్రసాదుగారి వెంట వారి కుమారుడు శ్రీశాంత్ గారు నిర్వహణభారమును స్వీకరించిరి. మనకు ఇంటిలో సంక్రమించిన కాఫీ, వారికి వృత్తిలో సంక్రమించినది.

ఇంతవఱకు సంతోషమే. ఇక పైకి చెప్పుకొనని మాట యొకటి గలదు. మా యింట మొదటి డికాక్షను తాతగారికి, వచ్చిన చుట్టములకు, మగవారికి. ఆ పొడిమీదనే మరల నీరు పోసి దింపిన రెండవ డికాక్షను ఆడువారికి. మొదటిసారి పోసిన నీటితోనే సారమును, సువాసనయు చాలవఱకు దిగిపోవును; మిగులునది చేదు. దానినే పంచదారతో సరిపెట్టుకొని మా నాయనమ్మ త్రాగెడిది. ఆమెను చూచి మా తల్లియు, ఆమెను చూచి మేమును అట్లే నేర్చుకొంటిమి. ఎవరును మాకు చెప్పలేదు.

అంతకంటె పెద్ద నష్టము మఱియొకటి గలదు. కాఫీ రాకమునుపు ప్రొద్దుట చల్దియన్నము, పెరుగు, ఊరగాయ యుండెడివి. కాఫీ వచ్చి చల్దిని వెడలగొట్టినది. మగవారికి, పిల్లలకు ఇడ్డెనలో దోసెలో అమర్చు ఇల్లాలు, తాను మాత్రము కాఫీనీళ్లతోనే మధ్యాహ్నము వఱకు నెట్టుకొనివచ్చుచున్నది. ఆకలి చచ్చునే గాని తీరదు.

ఇది చిన్న విషయము కాదు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57గురు రక్తహీనులు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన యాహార సూచనలలో, భోజనమునకు ముందు గంట, తరువాత గంట కాఫీ, తేనీరు త్రాగరాదని చెప్పియున్నది. వానిలోని టానిన్లు ఆహారమందలి యినుమును పట్టి యుంచి, రక్తమునకు అందకుండ చేయును. మనము తోటకూర వండి, పప్పు పెట్టి, వెంటనే కాఫీ త్రాగినచో, ఆ కూర చేయు మేలులో కొంత వ్యర్థమగును.

ఆ సంస్థవారి లెక్క ప్రకారము 150 మిల్లీలీటర్ల ఫిల్టరు కాఫీలో 80 మొదలు 120 మిల్లీగ్రాముల కెఫీన్ యుండును. తక్షణ కాఫీలో 50 మొదలు 65. దినమునకు 300 మిల్లీగ్రాములు దాటరాదు. అనగా చిక్కని ఫిల్టరు కాఫీ రెండు మూడు గ్లాసులతో ఆగవలెను. గర్భవతులు ఇంకను తగ్గించుకొనుట మేలు. పసివారికి పాలే చాలును.

పొడి కొనునప్పుడు పొట్లము చదువుడు. చికోరీ కలిసిన పొడిలో నూటికి 51 పాళ్లకు తక్కువ గాకుండ కాఫీ యుండవలెనని నిబంధన. చికోరీ రంగును, చిక్కదనమును ఇచ్చును గాని అందు కెఫీన్ లేదు. పొడి కొంచెము కొంచెముగా కొని, గాలి చొరని డబ్బాలో దాచిన సువాసన నిలుచును.

కాఫీని మానుడని మేము చెప్పము. చెప్పినను ఎవరు విందురు? గడపలోనికి వచ్చినవారికి ఒక గ్లాసెడు వేడికాఫీ ఇచ్చి కూర్చుండబెట్టుట మన పెద్దలు నేర్పిన మర్యాద. దానిని బిడ్డలకు తప్పక అందింతము. అయితే ఫిల్టరులో ఇంకొక చెంచా పొడి యెక్కువ వేసి, మొదటి డికాక్షనులో మీకును ఒక గ్లాసు తీసి యుంచుకొనుడు. దానికి గంట ముందుగా ఒక ముద్ద చల్దియో, ఒక అరటిపండో తినుడు. మీ కుమార్తె చూచుచున్నది. రేపు తన యింట ఆమె చేయబోవునది అదియే.