రెండో కూర్పు

పొద్దున అదే బస్సు, ఆఫీసులో అదే కుర్చీ, నెలాఖరున అవే లెక్కలు. పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందులు, ఇంటి అప్పు వాయిదాలు. పెద్ద కష్టమేమీ లేదు, రేపటి మీద ఆసక్తీ లేదు. నలభై అయిదేళ్ల మనిషిని పలకరిస్తే తరచూ వినిపించే మాట ఇదే: "ఇంకేముందండీ, గానుగెద్దు బతుకు."

ఈ నీరసం ఏ ఒక్కరిదో కాదు. బ్లాంచ్‌ఫ్లవర్, ఆస్వాల్డ్ అనే ఆర్థికవేత్తలు 2008లో ప్రచురించిన పరిశోధనలో చాలా దేశాల సర్వేలను పరిశీలించారు. జీవితం మీద తృప్తి నడివయసులో బాగా తగ్గి, ఆపైన మళ్లీ పెరుగుతోందని తేల్చారు. అన్నిచోట్లా ఇలాగే ఉండదన్న వాదనలూ వచ్చాయి. అయినా, ఇది నా ఒక్కడి చేతకానితనం కాదని తెలిస్తే సగం బరువు దిగుతుంది.

మిగతా సగం ఒక భ్రమ. 2013లో క్వాయిడ్‌బాక్, గిల్బర్ట్, విల్సన్ అనే మనస్తత్వవేత్తలు 18 నుంచి 68 ఏళ్ల వయసున్న 19 వేల మందికి పైగా జనాన్ని అడిగి చూశారు. గడిచిన పదేళ్లలో ఎంత మారారంటే, చాలా మారామన్నారు. రాబోయే పదేళ్లలో ఎంత మారతారంటే, పెద్దగా మారమన్నారు. ఇరవైలలో ఉన్నవారిదీ, అరవైలలో ఉన్నవారిదీ ఇదే ధోరణి. మార్పు ఆగదు, ఆగిపోయిందని మనం అనుకుంటాం, అంతే.

గురజాడ అప్పారావుగారిని చూడండి. 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. దాంతో వచ్చిన పేరు చాలనుకుని ఆయన ఆగిపోలేదు. అదే నాటకాన్ని తిరగరాసి, 1909లో, నలభై ఏడో ఏట, దాదాపు కొత్త నాటకంగా తెచ్చారు. మధురవాణి పాత్రకు ఇవాళ మనమెరిగిన నిండుదనం వచ్చింది అందులోనే. మరుసటి ఏడాదే 'ముత్యాల సరాలు'తో కవిత్వానికి కొత్త నడక నేర్పారు. కథ పాతదే, విజయనగరం పాతదే. ఆయన చూపు ఎదిగింది.

నడివయసులో మార్పంటే ఉద్యోగం వదిలేసి ఊరు విడిచిపోవడమే కానక్కర్లేదు. ఉన్న జీవితంలోనే ఒక రంగాన్ని తిరగరాయవచ్చు. మెదడూ అందుకు సహకరిస్తుంది. లండన్ టాక్సీ డ్రైవర్లు లైసెన్సు కోసం సుమారు 25 వేల వీధులు గుర్తుంచుకోవాలి. ఆ పరీక్ష నెగ్గినవారి మెదడులో, దారులను గుర్తుపెట్టుకునే భాగంలో ఎదుగుదల కనిపించిందని 2011లో మాగ్వైర్ అనే శాస్త్రవేత్త బృందం చూపింది. వాళ్లంతా పెద్దవాళ్లే.

ఒక్క జాగ్రత్త. దిగులు వారాల తరబడి వదలకుండా నిద్రనీ, ఆకలినీ చెడగొడితే అది విసుగు కాదు. డాక్టర్ని కలవాలి. 14416కి ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ వాళ్లు ఉచితంగా మాట్లాడతారు.

మిగిలినవారు ఈ రాత్రి ఒక కాగితం తీయండి. పదేళ్ల కిందట మీలో ఉండి ఇప్పుడు లేని భయాలు, అప్పుడు రాక ఇప్పుడు వచ్చిన పనులు, మధ్యలో దొరికిన మనుషుల పేర్లు రాయండి. ఇక పెద్దగా మారమనుకుంటూనే మీరు ఇంత దూరం మారి వచ్చారు. కింద కాస్త చోటు వదిలి, రేపు తిరగరాయాలనుకునే ఒక్క పని పేరు రాయండి.